బల్లకింద నాణెం

"నాణేన్ని ఎవరూ చేత్తో పట్టుకోవడానికి వీల్లేదు. నేలమీద పడాలి. ఈయన చేతివాటం నాకు తెలుసు," అంది చెల్లెలు.

ఈయనంటే పరుగుపందాల సంఘం అధ్యక్షుడు, సాక్షాత్తూ ఆమె తోడబుట్టిన అన్న. ఆ పదవికే ఇద్దరూ పోటీపడ్డారు. ఓట్లు చెరిసగం వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టినా అంతే. అలాంటప్పుడు బొమ్మా బొరుసూ వేసి తేల్చాలని సంఘం నియమం. ఆ నియమం పెట్టించిందీ అన్నగారే. అది తన మెడకే చుట్టుకుంటుందని అప్పుడు అనుకుని ఉండడు.

ఎన్నిక జరిపిస్తున్న పిస్తోలు మాస్టారు జేబులు తడుముకుంటున్నాడు. పందాలు మొదలుపెట్టడానికి ఏళ్ళ తరబడి పిస్తోలు పేల్చి ఆ పేరు తెచ్చుకున్న పెద్దమనిషి ఆయన. ఇప్పుడు ఒక్క నాణెం దొరక్క చెమటలు కక్కుతున్నాడు.

గొడవంతా మైదానం గురించే. అధ్యక్షుడికి బూట్ల కంపెనీ ఉంది. అది మునిగిపోతున్నప్పుడు ఓ భాగస్వామి వచ్చి ఒడ్డున పడేశాడు. ఊరికే పడేస్తాడా? సంఘం మైదానం తనకిస్తే ట్రాక్ తవ్వించి దుకాణాలు కడతానన్నాడు. మళ్ళీ గెలిచిన రోజునే సంతకం పెడతానని అధ్యక్షుడు మాటిచ్చాడు. ప్రాణం పోయినా మాట తప్పడని ఆయనకు పేరు. బూట్లు అమ్ముకున్నదీ ఆ పేరు మీదే. భాగస్వామి ఇప్పుడు ప్లాను కాగితాలు చుట్టి చంకలో పెట్టుకుని, కిటికీ పక్కన కాచుకుని ఉన్నాడు.

చెల్లెలు ఆ ట్రాక్ మీదే పరిగెత్తి పతకాలు తెచ్చింది. ఇప్పుడు అక్కడే ఆడపిల్లలకు పరుగు నేర్పుతోంది. వాళ్ళకు ఇంకో చోటు లేదు.

"నీకెందుకీ పదవి? పిల్లల్ని పరిగెత్తించుకోక," అన్నాడు అన్న.

"ఎక్కడ పరిగెత్తించమంటావు? నీ దుకాణాల మెట్ల మీదా?"

"ఎక్కడో ఒకచోట చూసుకో. నేను మాటిచ్చాను."

"ఇచ్చావులే. నీ సొమ్మేం పోయింది?"

ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. ఆమె ఎడమ పాదం వెడల్పు, కొట్లో దొరికే ఏ బూటూ పట్టేది కాదు. ఆ పాదం కొలత తీసుకుని అన్నే ఇంట్లో కూర్చుని ఒక జత కుట్టాడు. ఆ జతతో ఆమె గెలిచింది, ఆ గెలుపుతో ఆయన కంపెనీ మొదలైంది. ఇప్పుడామె పంతం కొద్దీ వేరే కంపెనీ బూట్లు తొడుగుతోంది. ఎడమ బూటు చిటికెనవేలి దగ్గర పిగిలిపోయింది. అయినా మార్చదు. అన్నకు తగ్గ చెల్లెలు.

చివరికి మాస్టారికి ఎవరో నాణెం ఇచ్చారు.

"బొమ్మ," అంది చెల్లెలు, ఆయన అడక్కముందే.

"అయితే బొరుసు నాది. కానివ్వండి," అన్నాడు అన్న.

నాణెం పైకి లేచింది. నేలమీద పడి, గింగిరాలు తిరిగి, తిన్నగా అధ్యక్షుడి బల్లకిందికి దొర్లిపోయింది. ఆ బల్ల సగం గదిని మింగేసి ఉంటుంది. మూడు వైపులా చెక్క బిగించి ఉంటుంది, అడుగున వేలెడు సందు. చూడాలంటే కుర్చీ వైపునుంచి దూరాల్సిందే.

"నా బల్ల ఎవరూ ముట్టుకోవద్దు," అని గద్దించి అధ్యక్షుడే మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మాస్టారూ, దొంగ చేతికి తాళాలిస్తున్నారు. నాణెం తీసేసి బొరుసంటాడు. మనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని చూడాలి," అంది చెల్లెలు.

మాస్టారు నీళ్ళు నమిలాడు. నాణేన్ని కదపకుండా ఉంచమని, తనూ చూస్తానని అధ్యక్షుడి వీపుకు చెప్పుకున్నాడు. వీపు బల్లకిందికి దూరింది.

బల్లకింద దుమ్ము. ఎదుటి సందులోంచి సన్నగా వెలుతురు పడుతోంది. అందులో అవతల నిలబడ్డవాళ్ళ బూట్లు వరసగా కనిపిస్తున్నాయి. వాటిలో ఒక ఎడమ బూటు చిటికెనవేలి దగ్గర పిగిలి ఉంది. అధ్యక్షుడు ఎంతకీ లేవలేదు. నడుం పట్టేసిందేమోనని ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏం పడింది? చెప్పవేం?" అని భాగస్వామి కిటికీ దగ్గర్నుంచి విసుక్కున్నాడు.

అధ్యక్షుడు బల్ల పట్టుకుని లేచాడు. గుప్పిట్లోని నాణేన్ని మాస్టారి ముందుకు విసిరేశాడు.

"బొమ్మ. ఇక ఊరేగండి."

గది దద్దరిల్లింది. కదపకుండా ఉంచమన్న మాట మాస్టారే మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. భాగస్వామి ముఖం మాడిపోయింది.

"చేతికందింది నోటికందలేదు. నీ రాత బాగోకపోతే ఏం చేస్తాం. మాట తప్పావని మాత్రం అనను," అన్నాడు. ప్లాను చంకలో సర్దుకుని వెళ్ళిపోయాడు.

అధ్యక్షుడు సొరుగులోంచి కళ్ళద్దాలు, కలం తీసి జేబులో పెట్టుకున్నాడు. తాళంచెవి బల్లమీద పడేశాడు.

"కుర్చీకి ఒక కాలు వదులు. పడితే నేను లేపను. ముందు ఆ దిక్కుమాలిన బూట్లు మార్చు."

"చచ్చినా నీ బూట్లు తొడగను," అంది చెల్లెలు. ఆయన గుమ్మం దాటుతుంటే వెనకనుంచి గెలిచిన గొంతుతో మళ్ళీ అంది: "ఒక్కందుకు మెచ్చుకోవాలన్నయ్యా. పుట్టి బుద్ధెరిగాక ఇవాళ ఒక్క నిజం చెప్పావు."

ఆయన వెనక్కి తిరగకుండా మెట్లు దిగాడు.

బల్లకింద పడింది బొరుసు.