పైకప్పు మీద మనిషి

"అమ్మగారూ! పైన ఎవడో ఉన్నాడు!"

పనివాడు ఫాదీ కేకకి వదాద్ బయటికి పరిగెత్తింది.

ద్రాక్షసారా తయారుచేసే ఆమె వైనరీ పైకప్పు మీద, సోలార్ పలకల మధ్య ఒక ముసలాయన వంగి ఏదో చేస్తున్నాడు.

ఆ నెలలో లెబనాన్‌లోని ఈ బెకా లోయలో మూడుచోట్ల పలకలు ఎత్తుకుపోయారు.

"దిగుతావా, పోలీసుల్ని పిలవమంటావా?"

ఆయన తాపీగా నిచ్చెన దిగాడు. చేతిలో మాసిన గుడ్డ.

"మీ మిషన్ ఆగి ఆగి నడుస్తోంది కదమ్మా?"

అది నిజమే.

లోపల నాలుగు ట్యాంకుల్లో ద్రాక్షరసం పులుస్తోంది. దాన్ని చల్లబరిచే మిషన్ పొద్దుటినుంచి మొరాయిస్తోంది. రసం వేడి ముప్పై డిగ్రీలు దాటింది, ఇంకా పెరిగితే చెడిపోతుంది. డీజిల్ పొయ్యలేక కిందటేడే జెనరేటర్ అమ్మేసి, ఈ ఎండనే నమ్ముకుంది.

"నీకెలా తెలుసు? ఏ వైరు పీకావ్?"

"జబ్బు మిషన్‌కి కాదు తల్లీ. రెండ్రోజుల గాలికి పలకల మీద దుమ్ము మందంగా పట్టేసింది. ఒక వరస తుడిచాను, మిగతావి కూడా..."

"తుడిచేవాడు అడిగి ఎక్కుతాడు," అన్నాడు ఫాదీ. "బోల్టులు విప్పేవాడే చెప్పకుండా ఎక్కేది."

"పిలిచాను నాయనా. మీరంతా లోపల మిషన్ గోలలో ఉన్నారు."

"చాల్లే, నడు!"

"సరే, వెళ్తా. నీళ్లు మాత్రం పొయ్యకండి, ఎండకి కాలిన అద్దం పగుల్తుంది. పొడిగుడ్డతోనే తుడవండి. మధ్యాహ్నం దాటనివ్వకండమ్మా..."

ఫాదీ ఆయన్ని గేటు దాకా నెట్టుకుంటూ పోయాడు.

వదాద్ మెకానిక్‌కి ఫోన్ మీద ఫోన్ చేసింది.

ట్యాంకుల్లో వేడి ముప్పై మూడు. ముప్పై అయిదు. ముప్పై ఏడు.

రెండింటికి వచ్చిన మెకానిక్ మిషన్ అంతా విప్పి చూశాడు.

"దీనికేం రోగం లేదమ్మా. కరెంటే చాలట్లేదు."

ఆమె గబగబా నిచ్చెనెక్కింది. ఒక్క వరస నల్లగా మెరుస్తోంది. మిగతావన్నీ మట్టికొట్టుకుపోయి ఉన్నాయి.

తలగుడ్డ విప్పి తనే తుడవసాగింది. ఫాదీ చొక్కా విప్పి తుడిచాడు. కాసేపటికి కింద మిషన్ గట్టిగా అందుకుంది.

రెండు ట్యాంకులు దక్కాయి. రెండు చెడిపోయాయి.

సాయంత్రం ద్రాక్ష తెచ్చిన ట్రాక్టర్ డ్రైవర్ జిర్యస్‌ని అడిగింది.

"పొడుగాటి ముసలాయన, కొంచెం కుంటుతాడు. ఎవరో తెలుసా అన్నా? ఎక్కడుంటాడు? వెళ్లి క్షమించమని అడగాలి."

"తన్నూస్ బాబాయేగా! కొండవతల చిన్న వైనరీ ఆయనది."

జిర్యస్ గొంతు తగ్గించాడు.

"నిన్న ఈ దుమ్ముకే మిషన్ ఆగిపోయి ఆయన రసమంతా పాడైందమ్మా, పొద్దున్నే ఉన్నదంతా కాలవలో పారబోసి, దారిలో ఏ వైనరీ కనిపిస్తే దాని పైకప్పు ఎక్కుతున్నాడు."