సత్తిరాజు ఇంటి సెట్టు

నలభై ఏళ్లు పెళ్లిళ్లకీ తీర్థాలకీ మైకుసెట్లు కట్టిన సత్తిరాజు ఆఖరికి తన ఇంటికో మంచి పాటల సెట్టు కొనుక్కున్నాడు. ఇప్పుడు ఇంటింటా ఉన్నదే. గదిలో ఉన్నవాళ్ల చెవుల్ని తనే కొలుచుకుని పాడుతుంది. నచ్చకపోతే పది రోజుల్లో తిరిగిచ్చేయొచ్చు.

బిగించగానే పాత అలవాటు కొద్దీ "హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" అని అరిచి, పడక్కుర్చీలో చేరగిలబడి వేణువు పాట పెట్టించుకున్నాడు. పాత సెట్టులో ఎలా ఉండేదో అలాగే ఉంది. తొమ్మిది రోజులు విన్నా అంతే.

"తేడా ఏం లేదే తాయారూ. శుద్ధ దండగ. రేపు తిరిగిచ్చేద్దాం."

భార్య మంగతాయారు బీరకాయ చెక్కు తీస్తూనే అంది.

"మీరు పాలకెళ్లినప్పుడు వేరేగా పాడుతుందండీ. వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినబడుతుంది. మీరు గుమ్మంలో అడుగు పెట్టగానే ముడుచుకుపోతుంది."

సత్తిరాజు షాపుకి ఫోన్ చేశాడు. అక్కడి అమ్మాయి మర్యాదగానే చెప్పింది.

"గదిలో బాగా మందగించిన చెవి ఎవరిదో చూసుకుని, దానికి తగ్గట్టు పాడుతుందండి. వినబడని స్వరానికి కరెంటు దండగ కదండీ."

ఊరందరికీ పాట వినిపించడానికి నలభై ఏళ్లు మైకు హారన్ల పక్కన నిలబడ్డ చెవులవి. ఫోన్ పెట్టేసి వాటిని తడుముకున్నాడు.

"అయితే తిరిగిచ్చేద్దామా?" అన్నాడు.

"ఉంచుకుందామండీ," అంది తాయారు.

అప్పటికే ఆమె అతని పడక్కుర్చీని తీసుకెళ్లి వరండాలో వేసి వచ్చింది.