పలకెక్కని బొంగరం

"మీ పలకలో తప్పుంది అక్కా," అన్నాడు బస్సు డ్రైవరు, ఇస్త్రీకి తెచ్చిన యూనిఫాం మూట బల్ల మీద పెట్టకుండానే.

ఇస్త్రీ షాపు అక్క తలెత్తలేదు. "అక్షరం తప్పా, అంకె తప్పా?"

"మనిషి తప్పు. బొంగరం పేరేదీ?"

ఆ షాపు గోడకి ఒక నల్లపలక వేలాడుతుంటుంది. దాని మీద ఇస్త్రీ రేట్లు ఉండవు. సుద్దముక్కతో రాసిన ఐదు పేర్లుంటాయి, అన్నీ అభిమానులు పెట్టుకున్న ముద్దుపేర్లే. బాస్కెట్‌బాల్ లీగు మొత్తంలో అక్కకి నచ్చిన ఐదుగురు పాయింట్ గార్డులు వాళ్ళు. పాయింట్ గార్డంటే బంతిని నడిపించుకొచ్చి మిగతా నలుగురికీ పంచేవాడు. జట్టులో వేరే స్థానాల్లో ఆడేవాళ్ళు ఎంత మొనగాళ్ళయినా అక్క లెక్కలోకి రారు. ప్రతి ఆదివారం మ్యాచ్ అయ్యాక పలక ముందు నిలబడి ఒకరిని పైకెక్కిస్తుంది, ఒకరిని కిందికి దించుతుంది. వీధి వీధంతా వచ్చి చూసిపోతుంది.

డ్రైవరు ఈ రూటుకి వచ్చి మూడు నెలలే. బాస్కెట్‌బాల్ పిచ్చి మాత్రం పుట్టినప్పటినుంచీ ఉన్నదే. అందులోనూ బొంగరం ఆడుతుంటే ఆయనకి కాలు ఒకచోట నిలవదు. ఈ ఊరి జట్టే, ఇరవై రెండేళ్ళ కుర్రాడు, గిర్రున తిరిగాడంటే ఎదుటివాడు దిక్కులు చూడాల్సిందే. అలాంటివాడికి పలక మీద చోటు లేకపోవడం డ్రైవరుకి అస్సలు మింగుడుపడలేదు.

"మొదటి స్థానం తాతగారిది," అంది అక్క చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరిస్తూ. "ఆయన పాస్ ఇస్తే అవతలివాడు నిద్రలో కూడా అందుకుంటాడు. తర్వాత దర్జీగారు. ఆయన సూది బెజ్జంలోంచి కూడా బంతి పంపగలరు."

"మరి మా బొంగరం?"

"వాడా? ఎడమ చెయ్యి కూడా ఒకటుందని వాడికెవరైనా చెప్పారా?"

డ్రైవరుకి ఒళ్ళు మండింది. "అందరూ ఆయనా, ఈయనా! మావాడొక్కడే మీకు లోకువా?"

"పక్కవాడు ఖాళీగా నిలబడి చేతులూపుతున్నా వాడికి కనబడదు. అన్నీ తనే వేసేయాలి. ఆ జబ్బు ఈనాటిది కాదులే. పాయింట్ గార్డుకి పెట్టే చెయ్యి ఉండాలి తమ్ముడూ, తినే చెయ్యి కాదు."

పక్క కొట్టు వాచీల బాబాయి దగ్గొచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. డ్రైవరు షాపులో అడుగుపెడితే చాలు, వీధిలో నలుగురూ చేతిలో పనులు వదిలేసి చేరేవారు. అంత వినోదం ఇంకెక్కడ దొరుకుతుంది?

అంతమంది చూస్తుండగా డ్రైవరు మీసం మెలేశాడు. "ఈ సీజను అయ్యేలోగా బొంగరం మీ పలకెక్కకపోతే ఈ మీసం తీసేస్తాను!"

"ఎక్కితే?"

"ఎక్కితే... ఉంచుకుంటాను."

అది మామూలు మీసం కాదు. పద్దెనిమిదేళ్ళుగా నూనె రాసి పెంచింది. ఆ మీసం చూసే తనని చేసుకుందని భార్య పదిమందిలో చెబుతుంటుంది. పందెం సంగతి విని ఆమె ఒకటే మాట అంది. "అది లేకుండా వస్తే తలుపు తియ్యను."

ఆదివారాలు గడిచాయి. అక్క ససేమిరా అంది. బొంగరం ముప్పై పాయింట్లు కొట్టిన రోజున కూడా "పాసులెన్నీ?" అని మాత్రమే అడిగింది.

ఆఖరి మ్యాచ్ రోజు వచ్చింది. ఫైనల్‌లో ఊరి జట్టే ఉంది. షాపులో చిన్న టీవీ ముందు కాలు పెట్టే చోటు లేదు. డ్రైవరు మాటిమాటికీ మీసం తడుముకుంటున్నాడు. అక్క మాత్రం తలొంచుకుని ఆయన యూనిఫాం చొక్కానే ఇస్త్రీ చేస్తోంది.

ఇంకా ఎనిమిది సెకన్లే ఉన్నాయి. ఒక పాయింటు వెనకబడ్డారు. బంతి బొంగరం చేతిలో ఉంది.

"తిరుగు నాయనా, తిరుగు!" అని అరిచాడు డ్రైవరు.

బొంగరం తిరిగాడు. ఇద్దరు మీదికొచ్చి దారి మూసేశారు. ఇక వాడే విసురుతాడని షాపులో ప్రతివాళ్ళకీ తెలుసు. బంతి కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మారింది. ఎడమచేతిలోంచి, కనీసం అటు చూడకుండానే, బుట్ట కింద ఖాళీగా ఉన్నవాడి చేతుల్లోకి వెళ్ళింది. వాడు చక్కగా బుట్టలో వేశాడు. గంట మోగింది.

షాపు కప్పు ఎగిరిపోయేంత కేకలు! డ్రైవరు వాచీల బాబాయిని అమాంతం ఎత్తుకుని గిరగిరా తిప్పాడు. అప్పుడు కమురు వాసన వేసింది. చూస్తే డ్రైవరు చొక్కా వీపున ఇస్త్రీపెట్టె ఆకారంలో నల్లటి మచ్చ. ఇరవై ఏళ్ళలో అక్క చేతిలో ఒక్క జేబురుమాలు కూడా మాడలేదు.

"పోనీండక్కా! పలక! ముందు పలక!"

అక్క ఐదో పేరు తుడిచేసింది. సుద్దముక్క రెండుసార్లు చేజారింది. ఎలాగైతేనేం, 'బొంగరం' అని రాసింది. అక్షరాలు వంకర టింకరగా వచ్చాయి. డ్రైవరు ఆనందం పట్టలేక మాడిన చొక్కాని జెండాలా ఊపుతూ వీధిలోకి పరుగెత్తాడు. ఇంటికి ధైర్యంగా వెళ్ళొచ్చు. అంతకన్నా, తన మాటే నెగ్గింది!

మీసం మెలేసుకుంటూ ఆయన తిరిగొచ్చేసరికి అక్క ఓ మూల ఫోన్‌లో మాట్లాడుతోంది.

"చూశాన్రా, ఎడమ చేత్తోనే ఇచ్చావు," అంటోంది ముంజేత్తో కళ్ళు తుడుచుకుంటూ, "అయినా ఐదో స్థానమే, ఎగిరిపడకు, కన్నతల్లిని కదా అని నాలుగోది ఇచ్చేస్తాననుకున్నావా?"