రెండోసారి స్నానం

"బాపూ, మళ్లొకసారి తానం జేసి రా! మెడ మీద ఇంక బొగ్గు దుమ్మున్నది. లెన్సు మీద పడ్డదంటె నా గెలాక్సీ ఖరాబైతది!"

నస్పూర్ బొగ్గు గనిలో డ్యూటీ దిగి, అప్పటికే ఒకసారి స్నానం చేసి డాబా మెట్లెక్కుతున్న ఎబినేజర్ అక్కడే ఆగిపోయాడు.

పైనున్నది ఆయన కూతురు ఆరాధన. కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. టెలిస్కోపుకు వీడియో కెమెరా బిగించి, నెల రోజులుగా సాయంత్రమైతే చాలు లాప్‌టాప్ తెర మీద ఆండ్రోమెడా గెలాక్సీని చూస్తోంది. పాల మరక లాంటిది తప్ప ఏమీ కనబడటం లేదు. రేపు స్టూడెంట్లకు చూపిస్తానని మాటిచ్చింది. తప్పంతా గని దుమ్ముదేనని ఆమె తీర్పు.

ఎబినేజర్ కిందికి దిగి, సబ్బు అరిగేదాకా రుద్దుకున్నాడు.

"బాపూ, జల్ది రా! దొరికింది!"

తడి ఒంటితోనే పరుగెత్తాడు. కెమెరా పంపిన బొమ్మలు ఒకదాని మీద ఒకటి చేరి, తెర మీది మరక నిండు వెలుగైంది. ఆ వెలుగుకు అడ్డంగా ఒక నల్లటి చార. అది తన ఒంటి బొగ్గు దుమ్మేననుకున్నాడు ఎబినేజర్. భుజం మీది తువ్వాలతో గబగబా తెర తుడవబోయాడు.

"అయ్యో, తుడువకు! నెల సంది నేను ఎతుకుతున్నది గా నల్ల చారనే!"

"ఏంది బిడ్డా అది?"

ఆరాధన కాస్త తటపటాయించింది. "దుమ్ము బాపూ. చుక్కల నడుమ ఉంటది."

ఎబినేజర్ తెరను చూశాడు. నీళ్లు కారుతున్న తన చేతులను చూసుకున్నాడు.

"అంటె, దుమ్ము సూసెతందుకేనా నాతోని రెండుసార్లు తానం జేపిచ్చినవు?"