రాఘవులు పేపర్లు ఎందుకు పెరిగాయి?

కారు చప్పుడు వినబడగానే సుబ్బమ్మ చేతిలో చెంబు జారి కిందపడింది.

వేలూరు కాలేజీ నుంచి మనుషులు వస్తున్నారని నిన్ననే ఫోను వచ్చింది. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగలేదు. మొగుడు రాఘవులు మాత్రం ఏమీ పట్టనట్టు వరండాలో కూర్చుని కాగితం మీద ఆరు మూలల బొమ్మలు గీసుకుంటున్నాడు.

వేలూరులో ఒక కాలేజీలో ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసరు. ఇప్పుడు పనంతా గుడియాత్తం ఊళ్ళోని ఇంటినుంచే. ఆయన చెప్పింది స్టూడెంట్లు వచ్చి రాసుకుపోతారు, ల్యాబులో చేసి చూస్తారు. ఆ పిల్లలకు సారంటే ప్రాణం. ఇంట్లో సంగతి గడప దాటనివ్వరు.

గండమంతా ఆయన రీసెర్చి పేపర్ల వల్లే వచ్చిపడింది. మునుపు ఏడాదికి ఒకటో రెండో రాసే మనిషి. మూడేండ్లుగా నెల తిరిగేసరికి ఒకటి బయటికొస్తోంది. పైదేశాల వాళ్ళు సైతం తమ పేపర్లలో రాఘవులు పేరు చెప్పుకుంటున్నారు. అట్లా చెప్పుకోవడాన్నే సైటేషన్ అంటారంట. అవి గంపలకొద్దీ పెరిగాయి. పెరిగితే సంతోషపడాలి గదా? కాలేజీవాళ్ళకు అనుమానం పుట్టింది. రిటైరయ్యే వయసులో ఇంత ఊపేమిటి? ఎవరిచేతనైనా రాయించుకుంటున్నాడా? తేల్చుకు రమ్మని మనుషుల్ని పంపారు. తేడా కనిపించిందా, ల్యాబు మూసేస్తారు.

ఆ పని కూడా పోతే ఈ మనిషికి ఇంకేం మిగులుతుంది? సుబ్బమ్మ కిందపడిన చెంబు తీసి పక్కన పెట్టింది. వెళ్ళి గేటు తాళం తీసింది.

"పట్టపగలు తాళమెందుకమ్మా?" అన్నాడు వచ్చిన పెద్దాయన వరదరాజులు.

"కోతులప్పా."

"మీ ఊరి కోతులు గేటు తెరుచుకోని వస్తాయా?" అని నవ్వింది ఆయనతో వచ్చిన సింధుజ. ఆమె చదువూ కెమిస్ట్రీయే.

సుబ్బమ్మకు నవ్వు రాలేదు. మజ్జిగ గ్లాసులు తెచ్చి టీపాయ్ మీద పెట్టింది.

"పిల్లలెంతమంది సార్?" అని మాట కలిపాడు వరదరాజులు.

రాఘవులు నోరు తెరిచేలోపలే సుబ్బమ్మ అందుకుంది. "ఒక్కడేనప్పా, హోసూర్లో ఉండాడు. మజ్జిగలో ఉప్పు చాలిందా?"

"సార్‌ని మాట్లాడనీండమ్మా," అన్నాడాయన, కొంచెం కటువుగానే.

ఆమె వెనక్కి తగ్గింది. తలుపు చెక్కను గట్టిగా పట్టుకుంది.

సింధుజ ఫైలు తెరిచింది. "ఈ పేపర్లో చెప్పిన ప్రయోగంలో రెండో మెట్టు మేం చేస్తే రావడంలేదు సార్. మీకెట్లా వచ్చింది?"

 సుబ్బమ్మ ఒకడుగు ముందుకేసింది.

రాఘవులు మజ్జిగలో వేలు ముంచి టీపాయ్ మీద ఆరు మూలల బొమ్మ గీశాడు. "ఇద్దో, ఈ మూలన ఇంత లావు పరమాణువుల గుంపు అడ్డంగా కూచోనుండాది. కొత్తది ఈ పక్కనుంచి యాడ దూరతాది? వెనకనుంచే రావల్ల. అది సరే, మీ గాజుబుడ్డి బాగా ఆరిందా తల్లీ? నీటి చెమ్మ తగిలితే పని చెడతాది. జపాను వాళ్ళు మన పేరు రాసినారే, వాళ్ళూ మొదట ఆడనే దెబ్బ తినినారు."

సింధుజ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఇంకోటి అడిగింది. మరోటి అడిగింది. అన్నిటికీ తడుముకోకుండా చెప్పాడు. టీపాయ్ నిండా మజ్జిగ బొమ్మలే.

వరదరాజులు ముఖం మెత్తబడింది. "ఒక్కటి చెప్పండి సార్. ఈ వయసులో ఇంత వేగం ఎట్లా?"

"ఇప్పుడు తలలో వేరే ఏదీ అడ్డం రాదప్పా," అని నవ్వాడు రాఘవులు. తలుపు వైపు తిరిగాడు. "అమ్మా, వీళ్ళకు ఇంకొంచెం మజ్జిగ ఇస్తారా?"

"ఇంట్లోవాళ్ళతో ఎంత మర్యాదో చూడండి! నేర్చుకోండి సార్," అంది సింధుజ.

"నేనిట్లా పిలిస్తే మా ఇంట్లో నాకు జ్వరమొచ్చిందనుకుంటారు!" అన్నాడు వరదరాజులు.

ఇద్దరూ పకపకా నవ్వారు. సుబ్బమ్మ గ్లాసులు తీసుకుని గబగబా లోపలికి పోయింది.

పోయేటప్పుడు వరదరాజులు ఆమెకు చేతులు జోడించాడు. "పేపర్లన్నీ సార్ తలలోంచి వచ్చినవే, అట్లే రాసిస్తాను. ల్యాబుకు ఢోకా లేదు. భయపడబాకండమ్మా."

కారు వీధి మలుపు తిరిగింది. సుబ్బమ్మ గేటుకు మళ్ళీ తాళం వేసింది. తాళంచెవి కొంగున ముడేసుకుని వచ్చి ఆయన పక్కన కూలబడింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

రాఘవులు ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు.

"చానా అలిసిపోయినారు, ఇంక మీ ఇంటికి పోండమ్మా, మా సుబ్బమ్మ వచ్చే యాళయింది."