మూడో పిలుపు

మొదటిసారి పిలిచినప్పుడు ఎవరూ లేవలేదు.

"అభ్యంతరం రాసినవారు ఎవరైనా ఉంటే లేచి నిలబడాలి," అని ఇంకోసారి గుర్తుచేసి, గుమాస్తా ఫైలులోకి తల దూర్చాడు.

మున్సిపల్ ఆఫీసు మీటింగ్ హాలు కిటకిటలాడుతోంది. వీధి వీధంతా తరలివచ్చింది. ముందు వరసలో కేకుల వదిన, ఆమె పక్కన భర్త, అతని పక్కన అత్తగారు.

కేకుల వదిన అన్నది ఆమె అసలు పేరేం కాదు. నాలుగేళ్ల కిందట ఆడపడుచు కూతురి పుట్టినరోజుకి ఒక్క కేకు చేసిన పాపానికి వీధి తగిలించిన పేరు. ఆ కేకు తిన్నవాళ్లు ఊరుకున్నారా? వారానికి ఒకటన్నారు, రోజుకు రెండన్నారు. ఇప్పుడు రోజుకు ముప్పై. భర్త సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగం మానేసి డెలివరీలు చూసుకుంటున్నాడు. అత్తగారు ఫోన్లో ఆర్డర్లు రాసుకుంటుంది. ముందు గది కొట్టయింది. పడకగదిలోకి పెద్ద ఓవెన్ వచ్చింది. మొగుడూ పెళ్లాల పరుపు నడిమి గదిలో అట్టపెట్టెల మధ్యకు చేరింది. ఎన్నిసార్లు తలస్నానం చేసినా ఆమె జుట్టులో వెన్న వాసన పోదు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ వీధి నివాస ప్రాంతం. ఇంట్లో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్స్ కావాలి. అర్జీ పెట్టుకుంటే ఆఫీసువాళ్లు గేటుకు నోటీసు అంటించి, వీధివాళ్లకు నెల్లాళ్లు గడువిస్తారు. ఒక్క అభ్యంతరం వచ్చినా విచారణే. దానిమీద సంతకం లేకపోయినా సరే, మూడుసార్లు పిలవాలని రూలు. వీధిలో ఉండే మనిషి ఒక్కరు లేచి "రాసింది నేనే" అంటే చాలు, అర్జీ కొట్టేస్తారు, కొట్టు మూత. ఎవరూ లేవకపోతే ఆ కాగితం చెత్తబుట్టలోకి.

గడువు ఆఖరి రోజున ఒకే ఒక్క ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది.

"ఏం రాశారో చదవండి," అంది కమిషనర్.

గుమాస్తా కళ్లజోడు సర్దుకున్నాడు. "రాత కోడి కెలికినట్టుంది మేడమ్. 'తెల్లారి నాలుగింటికే మిషన్ల మోత. వేడికి గోడలు ముట్టుకోలేం. నిద్ర లేదు, ఆదివారం లేదు. ఊపిరాడటం లేదు. దయచేసి ఈ కొట్టు మూయించండి.' అంతేనండీ."

హాల్లో గుసగుసలు లేచాయి. భర్త కేకుల వదిన చేతిమీద చెయ్యి వేశాడు.

"ఎవడో మన నోట్లో మట్టి కొట్టాలని చూస్తున్నాడు. నువ్వేం కంగారుపడకు, నేనున్నాగా."

ఆమె తల ఊపింది. కొట్టు ఉంటుందో మూతపడుతుందో ఇంకో పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలూ ఎలా గడుస్తాయా అని ఆమెకు భయంగా ఉంది.

రెండోసారి పిలిచారు. ఆమె కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది.

ఎవరూ లేవలేదు గానీ, చూపులన్నీ కూడబలుక్కున్నట్టు వెనక వరసలో ఉన్న పక్కింటి మాస్టారి మీద వాలాయి. డెలివరీ బళ్లు తన గేటుకు అడ్డం పెడుతున్నారని పోయిన నెలే ఆయన కేకుల వదిన భర్తతో పెద్ద రభస చేశాడు.

"ఆయనే, ఇంకెవరు," అని పళ్లు కొరికింది అత్తగారు. "ప్రతి శనివారం రెండు కేకు ముక్కలు ఊరికే పంపానే. ఆపాటి విశ్వాసం ఉండక్కర్లా?"

"మూడోసారి, ఆఖరుసారి పిలుస్తున్నాను," అన్నాడు గుమాస్తా.

కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. కేకుల వదిన గిరుక్కున వెనక్కి తిరిగింది.

"మీరంతా నన్నెందుకు చూస్తున్నారో నాకు తెలుసు," అన్నాడాయన. "బళ్ల గురించి అరిచిన మాట నిజమే. నాకు కోపమొస్తే మొహం మీదే అరుస్తాను, ఉత్తరాలు రాయను. వాళ్ల గోడకు ఆనుకునే నా మంచం ఉంటుంది. నాకు వినపడని మోత, నాకు తగలని వేడి ఇంకెవరికి తగిలిందో మరి. లైసెన్స్ ఇచ్చెయ్యండి మేడమ్."

అందరూ చప్పట్లు కొట్టారు. కమిషనర్ ఫైలు మూయబోయి, ముందు వరస వైపు చూసింది.

"నువ్వు చెప్పేదేమైనా ఉందామ్మా?"

ఆమె నోరు తెరిచింది. పెదవులు కదిలాయి.

"తనకు నలుగురిలో మాట్లాడే అలవాటు లేదండీ," అన్నాడు భర్త నవ్వుతూ. "నేను చెప్తాను."

చెప్పాడు. బాగా చెప్పాడు. కొత్తగా పెట్టబోయే రెండో ఓవెన్ గురించీ, దానికోసం మేడమీద వెయ్యబోయే గది గురించీ కూడా చెప్పాడు.

ముద్ర పడింది. పదేళ్లకు లైసెన్స్, మేడమీద గదితో కలిపి.

వీధివాళ్లు చుట్టూ మూగారు. "అదృష్టమంటే నీదే వదినా," అంది ఎదురింటావిడ. అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు కేకుల వదినకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

"సంతోషం పట్టలేకపోతోంది, పిచ్చిపిల్ల," అని అత్తగారు ఆమె కళ్లు తుడిచింది.

ఓవెన్ పక్కన నిలబడి ఎడమ చేత్తో ఆ ఉత్తరం రాయడం తేలికే అయింది గానీ, మూడుసార్లు పిలిచినా మొగుడి పక్కనుంచి లేవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.