టిక్కుమనే దాకా

"మళ్లీ క్లిక్ రాకుండానే వదిలేసేవు," అంది దుర్గాదేవి మేడమ్ వెనకనుంచి.

"వచ్చింది మేడమ్," అంది ప్రవల్లిక.

"బాణం నడిమధ్య పసుపు రంగులో దిగితే సరిపోదే. క్లిక్ రాకుండా వదిలితే ఇవాళ తగుల్తది, రేపు తగల్దు."

విల్లుకి బిగించిన సన్నటి రేకు కింద బాణం మొన పెట్టి లాగాలి. పూర్తిగా లాగేక మొన వెనక్కి జారిపోతుంది, రేకు విల్లుకి తగిలి టిక్కుమంటుంది, అదే క్లిక్. అప్పుడే వదలాలి. అంతకుముందు కాదు, తర్వాతా కాదు. చెప్పడానికి ఇంతే. మూడు వారాలుగా ప్రవల్లిక ఇదే నేర్చుకుంటోంది. మూడు వారాలుగా మేడమ్ ఇదే మాట అంటోంది.

చోడవరం గ్రౌండ్‌లో ఆ సాయంత్రం ముగ్గురే ఉన్నారు. రెండు లైన్లకి అవతల, మేడమ్ దగ్గరే నేర్చుకునే ఉదయ్‌కుమార్ తన విల్లు విప్పి సంచీలో సర్దుకుంటున్నాడు. స్టేట్ మీట్‌కి అమ్మాయిల్లో ఒక్కరికే చోటు. ఐదు గంటలకల్లా మేడమ్ పేరు పంపెయ్యాలి. ప్రవల్లిక కాకపోతే, పొద్దున్నే ప్రాక్టీసు చేసి వెళ్లిపోయిన శ్రీలలిత.

"ఇప్పుడు వదలొద్దు. ఊరికే లాగు. క్లిక్ వచ్చేక ఆగు, మెల్లగా దించెయ్. అదొక్కటి చేసి చూపించు, నీ పేరే పంపుతాను."

ప్రవల్లిక లాగింది. తాడు గెడ్డానికి ఆనింది. ఇంకొంచెం లాగింది. వచ్చినట్టే అనిపించింది. ఆగింది.

"ఆగిపోయేవేటి? లాగు."

"వచ్చింది కదా మేడమ్..."

"రాలేదు. నీ వెనకాలే ఉన్నాను కదే. లాగు."

లాగింది. రోడ్డు మీద గోవాడ పంచదార ఫ్యాక్టరీకి వెళ్లే చెరుకు లారీ గట్టిగా హారన్ కొట్టింది. "ఈళ్లొకళ్లు," అని మేడమ్ విసుక్కుంది. "నువ్వు లాగు."

వేళ్లలో నెప్పి మొదలైంది. కాసేపటికి ఆ నెప్పీ తెలీలేదు. బాణం ఊగిపోతుంటే దించేసింది.

రెండోసారీ అంతే. మూడోసారి వచ్చిందో రాలేదో ఆమెకే తెలీలేదు. మేడమ్ లాగమంటే లాగింది, చాలంటే దించింది.

"ఏడుపొస్తందేటే?"

"లేదు మేడమ్."

నిజంగానే రాలేదు. రోజూ చీడికాడ బస్సులో నిలబడి రావడం, చెరుకు పని మధ్యలో వదిలేసి అమ్మ బస్సు దాకా రావడం, ఏదీ గుర్తుకు రాలేదు. ఒంట్లో ఎక్కడా ఏమీ లేనట్టుంది.

"శ్రీలలిత పేరు పంపేయండి మేడమ్," అంది. ఆ గొంతు ఇంకెవరిదోలా ఉంది.

దుర్గాదేవి ఫోన్ తీసింది. పేరు కొట్టింది. పంపబోయి ఆగింది. మూడు వారాల్లో ఈ గుంట ఒక్కరోజు మానలేదు, ఒక్కమాట ఎదురు చెప్పలేదు. అబద్ధమాడే రకం కాదు.

"ఒకేళ ఆ రేకే పాడైపోయిందేమోనే. మెత్తబడిపోతే మోగదు. ఇలా తే."

ప్రవల్లిక విల్లు ఎత్తి పట్టుకుంది. మేడమ్ వంగి, రేకు దగ్గరగా చెవి పెట్టి, కళ్లు మూసుకుంది.

"వేలితో మీటు, సూద్దాం."

ప్రవల్లిక మీటింది. టిక్.

మళ్లీ మీటింది, ఈసారి గట్టిగా. టిక్. రెండు లైన్లకి అవతలనుంచి ఉదయ్‌కుమార్ తలెత్తి చూసేడు.

మేడమ్ కళ్లు తెరవలేదు.

"మీటవే," అంది. "ఎంతసేపు వంగుని ఉండమంటావు?"